నల్ల బీరు నురుగు కింద...

ఆడవాళ్ల పేజీలో బీరు ముచ్చటేమిటని ముక్కున వేలేసుకోకండి. ఈ మధ్య బీరే ఆడవాళ్ల వెంట పడుతోంది. అలాంటప్పుడు దాని సంగతేమిటో ఆడవాళ్లం కూర్చుని మాట్లాడుకోవడంలో తప్పేముంది?

2024 డిసెంబరులో బ్రిటన్‌లో ఒక వింత కరువొచ్చింది. బియ్యం కాదు, ఉల్లిపాయలు కాదు, బీరు కరువు! అదీ మామూలు బీరు కాదు, గిన్నిస్ అనే నల్ల బీరు. క్రిస్మస్ ముందు పబ్బులకు చాలినంత సరుకు దొరకలేదు. తయారుచేసే డియాజియో కంపెనీ మన రేషన్ షాపులో చక్కెరకి పెట్టినట్టు పబ్బులకి కోటా పెట్టాల్సి వచ్చింది. ఇంత గిరాకీ ఎందుకొచ్చిందంటే, ఒకప్పుడు ముసలాయనలు మూల కూర్చుని తాగే పానీయంగా పేరుపడ్డ దాన్ని ఇప్పుడు కుర్రకారూ, ఆడపిల్లలూ అందుకున్నారని అక్కడి పత్రికలు రాశాయి. గ్లాసు మీద రాసిన 'జి' అక్షరం సగానికి వచ్చేలా మొదటి గుక్క తాగడం ఒక ఆటయిపోయింది. ఆ ఆటని ఫోన్లో వీడియో తీసి నలుగురికీ చూపించడం మరో ఆట.

గిన్నిస్ అంటే మనకి రికార్డుల పుస్తకం గుర్తుకొస్తుంది. ఆ గిన్నిసే ఈ గిన్నిస్. పబ్బుల్లో కూర్చున్నవాళ్ల వాదనలు తీర్చడానికని ఆ బీరు కంపెనీ వాళ్లే ఆ పుస్తకం తెచ్చారు. మొదటి పుస్తకం 1955లో వచ్చింది. బీరు మాత్రం అంతకన్నా చాలా పాతది. ఆర్థర్ గిన్నిస్ అనే ఆయన 1759లో డబ్లిన్‌లో ఏడాదికి 45 పౌండ్ల చొప్పున 9,000 ఏళ్లకి లీజు రాయించుకున్నాడు. తొమ్మిది వేల ఏళ్లు! మనం పదకొండు నెలలకి అద్దె కాగితం రాయించుకోడానికే కిందా మీదా పడతాం.

మన దగ్గరికీ ఆ గాలి రాకపోలేదు. తెలంగాణలో చిన్న బ్రూవరీలకి 2015లో నిబంధనలొచ్చాయి. హైదరాబాదులో అక్కడికక్కడే బీరు తయారుచేసి పోసే చోట్లు వెలిశాయి. ఇలా చిన్న ఎత్తున, రకరకాల రుచులతో చేసేదాన్ని 'క్రాఫ్ట్ బీరు' అంటున్నారు. నేతచీరని మిల్లుచీర నుంచి వేరుచేసి చెప్పినట్టన్నమాట. నల్లగా ఉండే రకానికి పేరు 'స్టౌట్'.

ఇంతకీ అందులో ఏముంది?

మన వంటింటి భాషలో చెప్పుకుంటే ఇది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పిల్లలకి రాగిమాల్ట్ ఎలా చేస్తాం? రాగులు నానబోసి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, దోరగా వేయించి పొడి చేస్తాం. బీరుకీ మొదటి మెట్టు అదే. రాగుల బదులు బార్లీ. ఆ మొలకగట్టిన గింజని వేడినీళ్లలో నానబెడితే తియ్యటి నీళ్లొస్తాయి. అందులో హాప్స్ అనే చేదు పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపితే పులుస్తుంది. ఇడ్లీపిండి పులిసినట్టే, కాకపోతే ఇక్కడ పులుపు బదులు ఆల్కహాలు పుడుతుంది.

మరి నలుపెక్కడిది? వేపుడులోంచి. గింజని కాఫీగింజల్లా నల్లబడేదాకా వేయిస్తారు. దోరగా వేగడానికీ మాడిపోవడానికీ మధ్య ఎంత సన్నటి గీత ఉందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ గీత మీద నిలబెట్టడానికే 1817లో డానియెల్ వీలర్ అనే ఆయన ఇంగ్లండులో గుండ్రంగా తిరిగే డ్రమ్ములాంటి వేపుడు యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పట్నించీ గింజ నిప్పంటుకోకుండానే నల్లబడటం తేలికయింది. పైన కనిపించే మీగడలాంటి నురుగు పాల మీగడేమీ కాదు. నైట్రోజన్ వాయువుని ఒత్తిడితో పంపితే బుడగలు సన్నగా వచ్చి అలా పేరుకుంటాయి.

రుచి సంగతి విన్నమాట రాయడం లేదు. డబ్లిన్‌లో మా ఆడపడుచు వాళ్లింటికి వెళ్లినప్పుడు, అన్నయ్యగారు చిన్న గ్లాసులో పోసిస్తే, చూద్దామని నాలుగు గుక్కలు తాగాను. ఈ మాట రాయడానికి చెయ్యి కాస్త వెనకాడింది కానీ, తాగకుండా తాగినట్టు రాయడం కన్నా ఇదే నయం. మొదట నురుగు తగిలింది, మెత్తగా. తర్వాత చిక్కటి డికాషన్‌లో చక్కెర వెయ్యడం మరిచిపోతే ఎలా ఉంటుందో ఆ చేదు. ఆ వెనకే జొన్నరొట్టె మాడిన అంచు వాసన, బెల్లంపాకం ముదిరిపోయినప్పటి వాసన. గుక్క దిగాక నాలిక మీద పొడిగా, కరక్కాయ నమిలినట్టు. బాగుందా అంటే, బాగుంది అనను. మొహం చిట్లించుకునేంత బాగోకా లేదు. మా ఆడపడుచు చెప్పినట్టు అది అలవాటు చేసుకోవాల్సిన రుచి. అలవాటు చేసుకోవాలా వద్దా అన్నదగ్గరే అసలు కథ మొదలవుతుంది.

నల్లగా ఉంది కాబట్టి మత్తు ఎక్కువ అనుకుంటాం. నిజానికి పబ్బుల్లో పోసే గిన్నిస్‌లో ఆల్కహాలు నూటికి నాలుగు పాళ్లకి కాస్త ఎక్కువ, అంతే. మన దగ్గర 'స్ట్రాంగ్' అని రాసి అమ్మే పసుపురంగు బీర్లలో 8 శాతం దాకా ఉంటుంది. అలాగని నల్లవన్నీ సాధువులూ కావు. 'ఇంపీరియల్ స్టౌట్' అనే రకం ఉంది. 18వ శతాబ్దంలో లండన్ నుంచి రష్యా మహారాణి కేథరిన్ కొలువుకి పంపేవారట. అందులో 10 శాతం దాటి కూడా ఉంటుంది. చిన్న సీసా, పెద్ద దెబ్బ. రంగు చూసి మనుషుల్ని అంచనా వెయ్యకూడదన్నట్టే బీరునీ వెయ్యకూడదు.

కాచింది మనం, అమ్మింది వాళ్లు

బీరు మగవాళ్ల వ్యవహారమని మనకో నమ్మకం. చరిత్ర చూస్తే తలకిందులుగా ఉంది. సుమేరియన్ల బీరు దేవత పేరు నింకాసి, ఆడదేవత. మధ్యయుగాల ఇంగ్లండులో ఇంటికి కావలసిన 'ఏల్' కాచింది ఆడవాళ్లే. ఇంట్లో మిగిలింది ఇరుగుపొరుగుకి అమ్ముకుని నాలుగు డబ్బులు కళ్లజూసేవారు. మనవాళ్లు అప్పడాలూ వడియాలూ అమ్ముకున్నట్టు. బీరు కాచే స్త్రీకి 'బ్రూస్టర్' అని వేరే పేరే ఉండేది.

తర్వాతేమైంది? హాప్స్ వచ్చి బీరు నిల్వ ఉండటం మొదలెట్టింది. నిల్వ ఉంటే దూరం పంపొచ్చు. దూరం పంపాలంటే పెద్ద పాత్రలు, పెట్టుబడి, అప్పు కావాలి. ఆస్తి చేతిలో లేని ఆడదానికి అప్పెవరిస్తారు? సంఘాలు పెట్టుకున్న మగవాళ్లు వ్యాపారాన్ని పట్టుకుపోయారు. జుడిత్ బెనెట్ అనే చరిత్రకారిణి 1996లో దీనిమీద ఒక పుస్తకమే రాసింది. లాభం లేనంతకాలం అది ఇంటిపని, లాభం రాగానే అది పరిశ్రమ. ఈ ముక్క ఒక్క బీరుకే కాదు, వంటకీ, కుట్టుకీ, పాడికీ అన్నిటికీ వర్తిస్తుంది.

ఇప్పటి క్రాఫ్ట్ బీరు వాళ్లు కొత్తతరం వాళ్లమని చెప్పుకుంటారు. 2021 మే నెలలో అమెరికాలో బ్రియన్ అలెన్ అనే బ్రూవరీ ఉద్యోగిని, ఈ రంగంలో ఆడదానిగా మీకేం ఎదురయిందని ఇన్‌స్టాగ్రామ్‌లో అడిగింది. వేధింపుల గురించి, చులకన మాటల గురించి వందలకొద్దీ జవాబులొచ్చిపడ్డాయి. పేరున్న బ్రూవరీల పెద్దలు కొందరు పదవులు వదులుకోవాల్సి వచ్చింది. పాత్ర కొత్తదే కానీ అడుగున అంటుకున్న మాడు పాతదే.

ఇంకో సంగతి. డియాజియో కంపెనీకి 2023 నుంచి 2025 జులై దాకా అధిపతి ఒక మహిళ, డెబ్రా క్రూ. మన యునైటెడ్ స్పిరిట్స్ కూడా ఆ డియాజియో చేతిలోదే. దానికీ కొన్నేళ్లు మహిళే అధిపతి. ఆడవాళ్లు అంత ఎత్తు కుర్చీలో కూర్చోవడం సంతోషమే. అయితే కుర్చీలో ఎవరున్నా సీసా అమ్ముడుపోవాలి. మగవాళ్ల మార్కెట్టు నిండిపోయాక మిగిలింది మనమే. మన దగ్గరికి రావాలంటే ఏదో ఒక మంచిపేరు పెట్టుకుని రావాలి. ఆ మంచిపేర్లు ముఖ్యంగా రెండు. ఒకటి ఆరోగ్యం, రెండోది స్వేచ్ఛ.

'బలానికి మంచిదమ్మా'

గిన్నిస్ మొట్టమొదటి పత్రికా ప్రకటన 1929లో వచ్చింది. గిన్నిస్ తాగితే మీకు మంచిది అన్నది అందులో సారాంశం. డాక్టర్ల అభిప్రాయాలు కూడా సేకరించి వాడుకున్నారు. ఐర్లండులో బాలింతలకీ, రక్తం ఇచ్చినవాళ్లకీ గ్లాసుడు నల్ల బీరు ఇచ్చే అలవాటు చాలాకాలం నడిచింది. అదీ చాలక, పాలలోని చక్కెర కలిపి 'మిల్క్ స్టౌట్' అని ఒకటి చేశారు. పాలిచ్చే తల్లులకి బలమని అమ్మారు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక బ్రిటన్‌లో ఆ సీసా మీద 'మిల్క్' అన్నమాట వెయ్యకూడదన్నారు. మాట పోయింది కానీ నమ్మకం పోలేదు. మా ఆడపడుచు పురిటినించి లేచినప్పుడు పక్కింటి ఐరిష్ ముసలావిడ వచ్చి, "రోజూ ఒక్క గ్లాసు తాగమ్మా, రక్తం పడుతుంది, పాలు పడతాయి" అందట. ఎంతో ప్రేమగానే అంది. మన ఊళ్లలో జలుబు చేసిన పసివాడి నాలిక మీద బ్రాందీ చుక్క వేసిన పెద్దవాళ్లు మాత్రం లేరా? వాళ్లదీ ప్రేమే.

ప్రేమని పక్కనపెట్టి లెక్క చూద్దాం. ఒక పెద్ద గ్లాసు, అంటే 568 మిల్లీలీటర్ల గిన్నిస్‌లో ఉండే ఇనుము సుమారు 0.3 మిల్లీగ్రాములు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకి కావలసిన ఇనుము 27 మిల్లీగ్రాములు. అంటే ఈ బీరుతోనే ఆ ఇనుము రావాలంటే తొంభై గ్లాసులు తాగాలి! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండిటిలోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. ఇలాంటిచోట 'నల్లగా ఉంది, రక్తం పడుతుంది' అన్నమాట ఎంత తేలిగ్గా చెవికెక్కుతుందో ఆలోచించండి. తోటకూర, నువ్వులు, సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్ర... వీటికి ప్రకటనలు చేసేవాళ్లు తక్కువ.

ఇక పాల సంగతి. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రంలో జూలీ మెనెల్లా బృందం 1991లో ఒక పరిశోధన ప్రచురించింది. తల్లి ఆల్కహాలు తీసుకున్న తర్వాత పాల వాసన మారింది. పిల్లలు ఎక్కువసార్లు చప్పరించారు కానీ తాగిన పాలు మాత్రం తక్కువ. బిడ్డ నోరు ఆడుతూంటే చూసి 'చూశావా, పాలు బాగా పడ్డాయి' అనుకున్న తల్లులెందరో! బార్లీలోని పిండిపదార్థం పాలని ప్రేరేపించవచ్చని చెప్పే పరిశోధనలు ఉన్నాయి. అదే కావాలనుకుంటే బార్లీ జావ కాచుకోవచ్చు. దానికి పులియబెట్టక్కర్లేదు, పబ్బుకి వెళ్లక్కర్లేదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది క్యాన్సరు మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సరు కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు ఉన్న వర్గమే అది. తర్వాత రొమ్ము క్యాన్సరు కూడా ఆ జాబితాలోకి వచ్చింది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇంత తాగితే పర్వాలేదు అని చెప్పగలిగే సురక్షితమైన హద్దు ఏదీ లేదంది. 2025 జనవరిలో అమెరికా సర్జన్ జనరల్‌గా ఉన్న వివేక్ మూర్తి, సీసాల మీద క్యాన్సరు హెచ్చరిక వెయ్యాలని సిఫారసు చేశారు. పైగా మగవాడూ ఆడదీ సమానంగా తాగినా, ఆడదాని రక్తంలో ఆల్కహాలు ఎక్కువ చేరుతుంది. మన ఒంట్లో నీటిపాలు తక్కువ కావడం ఒక కారణం. ఇది సమానత్వం గురించిన వాదన కాదు, ఒంటి లెక్క.

ఒక గ్లాసు తాగగానే కొంపలు మునుగుతాయని కాదు. తాగేకొద్దీ, తాగిన ఏళ్లకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అంతమాత్రం సీసా మీద రాయొచ్చు కదా? ఐర్లండు ఆ పని చెయ్యడానికి 2023లో నిబంధనలు తెచ్చింది. 2026 మే నుంచి క్యాన్సరు హెచ్చరికతో లేబుళ్లు రావాలి. వ్యాపారం దెబ్బతింటుందని 2025లో దాన్ని 2028కి వాయిదా వేశారు. మన దేశంలో 2019 నుంచి మద్యం ఆరోగ్యానికి హానికరం, తాగి బండి నడపొద్దు అన్న హెచ్చరిక సీసా మీద ఉండాలి. గర్భిణి గురించి కానీ, క్యాన్సరు గురించి కానీ అందులో ముక్క లేదు.

తలుపు తియ్యమని, తలుపు మూయమని

రెండో మంచిపేరు స్వేచ్ఛ. ఇది కాస్త నిదానంగా మాట్లాడుకోవాల్సిన విషయం.

ఐర్లండు పబ్బుల్లో 'స్నగ్' అని చిన్న గది ఉండేది. ఆడవాళ్లు ఎవరి కంటా పడకుండా అందులో కూర్చోవాలి. చాలాచోట్ల ఆడదానికి నిండు గ్లాసు పొయ్యరు, సగం గ్లాసే. 1970ల మొదట్లో నెల్ మెకాఫర్టీ అనే పాత్రికేయురాలు ముప్ఫైమంది ఆడవాళ్లని వెంటబెట్టుకుని డబ్లిన్‌లో ఒక పబ్బుకెళ్లింది. అందరూ బ్రాందీ అడిగారు, పోశారు. తర్వాత ఒక్క నిండు గ్లాసు నల్ల బీరు అడిగారు. పొయ్యమన్నారు. మీరు మా ఆర్డరు తీసుకోకపోతే మేం మీ బిల్లు కట్టమని లేచి వచ్చేశారు! ఆడవాళ్లని అలా కాదనడం చట్టవిరుద్ధం కావడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది.

ఇటు మన నెల్లూరు జిల్లా చూడండి. 1990ల మొదట్లో అక్షరదీపం తరగతుల్లో చదువు నేర్చుకుంటున్న దూబగుంట ఆడవాళ్లు, రోశమ్మ ముందు నడవగా, సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో పోయింది.

డబ్లిన్ ఆడవాళ్లు తలుపు తియ్యమన్నారు. దూబగుంట ఆడవాళ్లు తలుపు మూయమన్నారు. పైకి చూస్తే ఉత్తరం, దక్షిణం. లోపలికి చూస్తే రెండుచోట్లా అడిగింది ఒకటే: మా బతుకుని తాకే విషయంలో మా మాట చెల్లాలి. దూబగుంటలో మొగుడి కూలి డబ్బు దుకాణానికి పోయి పిల్లల కంచం ఖాళీ అయింది. డబ్లిన్‌లో తన సంపాదనతో తను కొనుక్కునే హక్కు లేకపోయింది. అందుకే ఒకరిది స్వేచ్ఛ, ఇంకొకరిది చాదస్తం అని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

మన దగ్గర ఇంకో విచిత్రం. 'కాలం చెడిపోయింది, సిటీ ఆడపిల్లలు తాగుతున్నారు' అని టీవీల్లో చర్చలు. అదే జాతీయ సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవాళ్లలో తెలంగాణలో తాగే మగవాళ్లు 43.3 శాతం, ఆడవాళ్లు 6.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్లు 23.3, ఆడవాళ్లు 0.5. తెలంగాణలో తాగే ఆడవాళ్లు కూడా పట్టణాల్లో కన్నా పల్లెల్లోనే ఎక్కువ. పండగకీ పబ్బానికీ ఇంటిల్లిపాదీ కల్లు తాగే సంప్రదాయం అక్కడుంది. ఆ పల్లె అవ్వ గురించి ఎవరూ చర్చ పెట్టలేదు. నలభైమూడు శాతం మగవాళ్ల గురించి అసలే పెట్టలేదు. ఖజానా నిండేది వాళ్లతోనే కదా! 2009 జనవరిలో మంగుళూరులో పబ్బులో ఉన్న ఆడపిల్లల్ని తరిమి తరిమి కొట్టినవాళ్లకి కోపం నిజంగా తాగుడు మీదేనా?

కాబట్టి రెండు రకాల మనుషుల దగ్గర మనం జాగ్రత్తగా ఉండాలి. ఆడది తాగితే పరువు పోతుంది, మగవాడు తాగితే అలవాటు అనేవాళ్లు ఒకరు. తాగితేనే ఆధునికం అని అందమైన గ్లాసు చూపించేవాళ్లు రెండోవాళ్లు. మన దేశంలో టీవీలో మద్యం ప్రకటనలు కూడదన్నారు కాబట్టి అదే పేరుతో సోడా చూపిస్తారు. ఫోన్లోకి వచ్చే నురుగు వీడియో ప్రకటనో, స్నేహితురాలి ముచ్చటో తేల్చుకోవడం అంతకన్నా కష్టం. మొదటివాళ్లు మన తరఫున నిర్ణయం చేసేస్తారు. రెండోవాళ్లు నిర్ణయం మనదే అనిపిస్తూ వాళ్లక్కావల్సింది చేయించుకుంటారు.

ఎదిగిన ఆడపిల్లలున్న తల్లులకి ఒక్కమాట. పై చదువుకని డబ్లినుకో, డల్లాసుకో, కనీసం హైదరాబాదు హాస్టలుకో పంపేటప్పుడు ఆవకాయ సీసా కట్టిస్తాం, పొడులు కట్టిస్తాం. 'తాగావంటే నా శవాన్ని చూస్తావు' అని ఒట్టు కూడా కట్టిస్తాం. ఆ ఒట్టు ఎంతవరకు నిలుస్తుందో మనకీ తెలుసు, దానికీ తెలుసు. దాని బదులు ఈ నాలుగు లెక్కలు చెప్పి పంపండి. శాతం ఎంతో సీసా మీద చూడమనండి. గ్లాసు కళ్ల ముందు పోయించుకోమనండి. 'ఒక్కసారికి ఏం కాదులే' అని బలవంతం చేసేవాడిని స్నేహితుల లెక్కలోంచి తీసెయ్యమనండి. గర్భం వస్తే ఒక్క చుక్కా వద్దనండి. ఎక్కడైనా పొరపాటు జరిగితే అర్ధరాత్రయినా సరే ముందు అమ్మకి ఫోన్ చెయ్యొచ్చనే ధైర్యం ఇవ్వండి. భయంతో దాచిన సంగతే ఎక్కువ ప్రమాదం తెస్తుంది.

మన మట్టుకు మనం పప్పులో రాయి ఏరకుండా ఎసట్లో వెయ్యం. అంగట్లో మామిడిపండు ముక్కు దగ్గర పెట్టుకోకుండా కొనం. నల్ల బీరయినా, తెల్ల మాటయినా, మనకి మంచిదని ఎవరైనా చెబితే అంత పరీక్షా చెయ్యాల్సిందే. పరీక్ష చేశాక వద్దనుకుంటే అది మన తెలివి, తాగాలనుకుంటే ఆ మంచిచెడ్డలు మనవి. ఆ పరీక్షని మాత్రం మొగుడికో, కంపెనీకో, వీధిలో కర్ర పట్టుకుని నిలబడ్డవాడికో అప్పజెప్పకండి.